గేట్లు దించినంక కడెం



వానకాలం వచ్చిందంటే మన గ్రూపు నిండ కడెం వీడియోలే. ఎర్రటి నీళ్ళు, తెల్లటి నురగ, పైన గొడుగు పట్టుకొని సెల్ఫీ. ఎన్ని గేట్లు ఎత్తిన్రో ఒకరు పెడతరు, రోడ్డు బందయిందా లేదా అని ఇంకొకరు అడుగుతరు. దసరా దాటినంక కడెం పేరు ఎవరూ ఎత్తరు. మేము ఐదుగురం ఈసారి మాఘమాసంల పోయినం. నాగోబా జాతర అయిపోయి చుట్టాలు ఎవరి ఊర్లకు వాళ్ళు మళ్ళినంక, దురాడికి ఇంకా నెల పైన ఉండంగ. నీళ్ళు లేని కాలంల డ్యాం చూసుడేందని ఇంట్లో నవ్విన్రు.

పని ఉండే పోయినం. మాలో ఒక తమ్ముడు, ఉట్నూర్ పైన కొలాం గూడెం పోరడు, డిగ్రీ అయినంక హైదరాబాదుల మూడేండ్లు బండి మీద అన్నం పొట్లాలు మోసిండు. ఎండల, వానల తిరిగి లక్షా ఎనభై వేలు వెనకేసిండు. పోయిన ఆగస్టుల ఒక ఆదివారం దోస్తులతోని కడెం వచ్చినప్పుడు కట్ట దగ్గర ఒక రేకుల షెడ్డు చూసిండు. చేపల ఫ్రై, చాయ్, బజ్జీలు. ఆ రోజు జనం ఎట్లున్నరంటే, ప్లేటు చేతికి రావడానికి అర్ధగంట పట్టిందట. ఆ షెడ్డు ఆయన దుబాయికి పోతున్నడు, సామానుతో సహా లక్షన్నరకు ఇచ్చేస్త అన్నడు. తమ్ముడు అడ్వాన్సు ఇయ్యడానికి తయారు. "సొంత జాగల సొంత పని, ఇంక ఎవని దగ్గర రేటింగు అడుక్కోను" అన్నడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. కానీ ఆగస్టు ఆదివారం చూసి పెట్టిన లెక్కతోని మూడేండ్ల పైసలు ఇచ్చుడేంది, ఒక్కసారి చలికాలం పోయేటప్పుడు, మామూలు వారంల, ఒక బుధవారం చూసి అప్పుడు ఇయ్యరాదు అని మేమే గుంజుకపోయినం.

మాలో ఇద్దరు కరీంనగర్‌ల చదువుతున్నరు. వాళ్ళు రాయపట్నం వంతెన మీద గోదావరి దాటి, లక్షెట్టిపేట మీదుగా జన్నారం వచ్చిన్రు. మేము ముగ్గురం ఉట్నూర్ నుంచి దిగినం. ఆ రోడ్డు మీకు తెలుసు. వానకాలంల రెండు దిక్కుల గోడలెక్క ఉండే అడవి ఇప్పుడు జల్లెడ లెక్క ఉన్నది. టేకు ఆకు రాలిపోతున్నది, బస్సు పోతుంటే వెనక గలగల. ఎక్కడో ఒకటి రెండు మోదుగులు ముందే పూసినయి. ఆకు లేకపోతే అడవిల ఎంత దూరమైనా కనపడ్తది, ఎండిపోయిన వాగులు ఎన్ని ఉన్నయో లెక్క పెట్టొచ్చు. జన్నారంల అందరం కలిసి నిర్మల్ రోడ్డు పట్టి కడెం చేరేసరికి పదకొండు.

బస్సు దిగంగనే కరీంనగర్ తమ్ముడొకడు "మా మానేరు డ్యాం కట్ట మీద అయితే ఈ టైంకు కూడ నలుగురు ఉంటరు" అన్నడు. నిజమే. దిగువ మానేరు 24 టీఎంసీల డ్యాం అయినా దాని బలం నీళ్ళు కాదు, పక్కనున్న కరీంనగర్. ఆఫీసు అయినంక వచ్చేటోళ్ళు, పిల్లల్ని తీసుకొచ్చేటోళ్ళు, పొద్దున నడిచేటోళ్ళు, అందరూ ఆ ఊరోళ్ళే. అక్కడ పల్లీలమ్మే అవ్వకు సీజనుతోని పని లేదు. కడెం వెనక అసొంటి ఊరు లేదు. మండల కేంద్రం, నాలుగు దుకాండ్లు, బస్సుల కోసం నిలబడ్డ బడి పిల్లలు, అంతే. ఇక్కడికి వచ్చే జనం నిర్మల్ నుంచో, మంచిర్యాల నుంచో, ఇంకా దూరం నుంచో రావాలె. రావాలంటే వాళ్ళకు ఒక కారణం కావాలె. ఆ కారణం పేరు వరద.

కట్ట దగ్గర షెడ్లు లెక్క పెట్టినం. పదకొండు. తెరిచినవి మూడు. ఒకదాంట్ల ఎవరూ లేరు, కుక్క పండుకున్నది. మిగతావాటికి టార్పాలిన్లు కప్పి తాళ్ళతో కట్టిన్రు. షికారు బోట్లు ఒడ్డున కట్టేసి ఉన్నయి. నీళ్ళు దిగిపోయినయి కాబట్టి వానకాలం బోటు ఎక్కే మెట్లకూ ఇప్పటి నీళ్ళకూ నడుమ పెద్ద దూరం. ఆ దూరమంతా పగుళ్ళ మట్టి, గుల్లలు, చెప్పులు, బీరు సీసాలు. సీసాలు ఎవరివో చెప్పనక్కర లేదు, సెల్ఫీలు దిగినోళ్ళవే. ఇంకా అవతల, నీళ్ళు వెనక్కి పోయిన శిఖం భూమిల ఎవరో తీగపాదులు పెట్టుకున్నరు. నీళ్ళు ఎంత జరిగితే వాళ్ళ చెలక అంత పెద్దదయితది.

గట్టు మీద నిలబడి చూస్తే చానా పెద్ద చెరువే, తక్కువేం కాదు. నడుమల గుట్టలు, వాటి నీడ నీళ్ళల. కొంగలు, నీటికాకులు. గాలి లేదు. వానకాలం ఇక్కడ పక్కనున్న మనిషి మాట వినపడదు, ఇప్పుడు అవతల గట్టు మీద బర్రెలను అదిలిస్తున్న పిల్లగాని గొంతు వినపడ్తున్నది. మాలో ఎప్పుడూ వాగేటోడు కూడ పది నిమిషాలు గమ్మున కూసున్నడు.

ఈ కట్ట గురించి మనోళ్ళకు ఒక సంగతి తెల్వాలె. పని 1949ల మొదలయ్యింది. 1958ల వచ్చిన వరదకు కట్ట తెగిపోయింది. గేట్లు చాలక తెగిందని తర్వాత పెంచిన్రు, ఇప్పుడు 18 ఉన్నయి. పూర్తయ్యేసరికి 1965. నిండు మట్టం 700 అడుగులు. 18 గేట్లూ ఎత్తితే పోయేది మూడు లక్షల క్యూసెక్కుల దగ్గర. 2022 జులైల వచ్చింది ఐదు లక్షలు దాటింది. నీళ్ళు గేట్ల మీద నుంచి దుంకినయి. కింది ఊర్లు ఖాళీ చేయించిన్రు. ఆ రాత్రి రాష్ట్రమంతా టీవీల ముందు కూసున్నది, కడెం పేరు దేశానికి తెలిసింది. కట్ట ఎట్లనో నిలబడ్డది.

ఆ రాత్రి గురించి మాకు చెప్పింది కాలువ మీద పని చేసే ఒక పెద్దమనిషి. తెరిచి ఉన్న షెడ్లల్ల ఒకదాని ముందు బల్ల మీద కూసొని రొట్టె తింటున్నడు. "బర్ల తాళ్ళు ఇప్పి ఇడిసిపెట్టినం, పోరగాండ్లను ఎత్తుకొని గుట్టెక్కినం. తెల్లారి దిగినంక బర్లే ముందు ఇంటికచ్చినయి" అన్నడు. అంతే చెప్పిండు. మళ్ళ రొట్టె తిన్నడు. టీవీల గంటలు గంటలు చూసినదానికన్న ఆ రెండు ముక్కలు మాకు ఎక్కువ అర్థమైనయి.

ఆ షెడ్డు నడిపే పెద్దమ్మ దగ్గరనే మా అసలు పని తేలింది. వాళ్ళది చేపలు పట్టే కులం. తమ్ముడు కొందామనుకున్న షెడ్డు ఆమె పక్కదే. ముందు సంగతి చెప్పలేదు, ఊరికే చాయ్ తాగినం. జొన్నరొట్టె, చేపల పులుసు తిన్నం. మధ్యాహ్నం దాకా ఇంకెవరూ లేరు కాబట్టి ఆమెకు మాట్లాడే తీరిక ఉన్నది. ఆగస్టుల అయితే ఆమె మా మొఖం కూడ చూసేది కాదు. చివరికి తమ్ముడే సంగతి బయటపెట్టిండు.

ఆమె కట్టెపుల్ల తీసుకొని పొయ్యి పక్కన మట్టి మీద గీతలు గీసుడు మొదలుపెట్టింది.

"నీళ్ళుండేది నాలుగు నెలలు బిడ్డా. నాలుగు నెలలకు ఆదివారాలెన్ని? పదహారు పదిహేడు. వాన గట్టిగ పడ్డనాడు జనం వస్తమంటరు, పోలీసులు రానియ్యరు. గవి తీసెయ్. వినాయకచవితి, బతుకమ్మ, దసరా, ఇంటికాడనే ఉంటరు. గవి తీసెయ్. ఇంకేం మిగిలె?"

తొమ్మిదో పదో గీతలు మిగిలినయి.

"గా పది దినాల ఆమ్దానీతోని పన్నెండు నెలలు తినాలె."

మరి నువ్వెట్ల బతుకుతున్నవ్ పెద్దమ్మా అంటే నవ్వింది. ఆమె బతుకు వరద మీద లేదు. పొద్దున తొమ్మిదింటికి వలలు వచ్చినంక తినే జాలరోళ్ళు, చేపలు కొననీకి వచ్చే బేరగాండ్లు, కాలువ లష్కర్లు, యాసంగి నాట్లకు, కలుపుకు ఆటోలల్ల వచ్చే కూలీలు, డబ్బా తెచ్చుకోని ఇద్దరు ముగ్గురు సార్లు. రోజుకు ముప్పై మంది. వాళ్ళ పేర్లు తెలుసు, ఎవరు ఖాతా, ఎవరు నగదు తెలుసు, ఎవరికి కారం ఎక్కువ కావాలో తెలుసు. "సెల్ఫీలోడు ఉప్పు తక్కువైతే తిట్టి పోతడు, మళ్ళ రాడు. లష్కర్ తిడ్తడు, రేపు మళ్ళ వస్తడు" అన్నది. ఆ మాట తమ్ముడు సెల్లుల రాసుకున్నడు. హైదరాబాదుల మూడేండ్లు వానికి ఒక్క గిరాకీ మొఖం రెండోసారి కనపడలేదట.

పక్క షెడ్డు ఆయన మోసం చేస్తున్నడని ఆమె అనలేదు. ఆయన కూడ వరదనే నమ్ముకున్నడు, రెండేండ్లు చూసిండు, అప్పయింది, దుబాయి దారి పట్టిండు. మన తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చి ఆయన జాగల కూసుంటే, రెండేండ్లకు తమ్ముడు కూడ ఏ బస్సు ఎక్కేటోడో ఊహించడానికి పెద్ద చదువు అక్కర లేదు.

రాత్రి మాలో ఒకరి మేనమామ ఇంట్ల ఉన్నం, కడెం నుంచి కొంత లోపలికి. గోండు గూడెం. పగలు ఎండ చిటపటలాడినా పొద్దు గుట్ట దాటంగనే చలి ఎముకలల్లకు పోయింది. నెగడు పెట్టిన్రు. జొన్నగట్క, పప్పు. మామ కడెం చెరువు గురించి చెప్పే తీరు వేరే. మేము చెరువు అంటే ఆయన వాగు అంటడు. వాగుకు కట్ట కట్టిన్రు, గంతే, అంటడు. గోండీల నీళ్ళంటే ఏర్. తెలుగుల ఏరు అంటే వాగు. కడెం ఏరు ఎక్కడ పుట్టిందో మనలో ఎంతమందికి తెలుసు? బజార్‌హత్నూర్ దిక్కు గుట్టలల్ల. మన ఊర్ల నడుమ నుంచే వస్తది. కుంటాల దగ్గర 150 అడుగుల పైనుంచి దుంకేది కూడ ఇదే. అక్కడా మనం వానకాలం ఫోటోలే దిగుతం.

ఆ నీళ్ళు కడెంల ఆగి, కాలువ పట్టి జన్నారం, దండేపల్లి, లక్షెట్టిపేట దిక్కు పోతయి. ఆయకట్టు 68 వేల ఎకరాలు. మర్నాడు పొద్దున మేము ఆ కాలువ గట్టు మీద రెండు కిలోమీటర్లు నడిచినం. వారబందీ, ఆ వారం నీళ్ళు వస్తున్నయి. గట్టుకు ఒక పక్క పచ్చటి వరి, అప్పుడే పాలు తాగిన పసిపిల్ల లెక్క. రైతులు సంతోషంగ ఉన్నరు, వాళ్ళ మీద మాకు కోపం లేదు. వాళ్ళ చేన్లకే మన గూడేల నుంచి నాట్లకు పోతరు. కానీ మాలో ఒక అక్క ఊరు సరిగ్గా ఆ ఏరు పుట్టే దిక్కే. వైశాఖం వచ్చేసరికి వాళ్ళ అమ్మ వాగుల చెలిమ తవ్వి, గిన్నెతోని తోడి బిందె నింపుతది. బిందె నిండనీకి ఎంతసేపు పడుతదో అక్కకు చిన్నప్పటి నుంచి తెలుసు. కాలువ పక్కన ఆమె నిలబడి, నీళ్ళల్ల చెయ్యి పెట్టి, "గిది మా ఇంటి ముంగట నుంచి వచ్చిందే" అన్నది. మేమేం మాట్లాడలేదు.

నాగోబా జాతరకు మెస్రం వంశపోళ్ళు జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగుకు చెప్పులు లేకుండ నడిచిపోయి, గోదావరి జలం ఝరిల పట్టుకొని కేస్లాపూర్‌కు వస్తరు కదా. నెగడు దగ్గర మామ దాని గురించి ఒక మాట అన్నడు. ఏడాదంతా మన నీళ్ళు కిందికి పోతయి, ఒక్క పుష్యంల మాత్రం నీళ్ళు మనిషి భుజం మీద ఎక్కి పైకి వస్తయి అని. మామ బడికి పోలేదు. నీటిపారుదల గురించి ఇంత సూటిగ చెప్పినోళ్ళు మాకు కాలేజీల తగలలేదు.

ఇంకొక సంగతి కూడ నెగడు దగ్గరనే వచ్చింది. కవ్వాల్ 2012ల పెద్దపులుల అభయారణ్యం అయినంక కోర్ ఏరియా ఊర్లను బయటికి పంపే మాట నడుస్తనే ఉన్నది. కడెం మండలంలనే మైసంపేట, రాంపూర్ ఊర్లను అడవిల నుంచి తెచ్చి మైదానంల కొత్త కాలనీ కట్టి పెట్టిన్రు. కుటుంబానికి 15 లక్షలు, లేకుంటే ఇల్లు, భూమి, ఏదన్న ఒకటి ఎంచుకోమన్నరు. మన తమ్ముని గూడెంల కూడ పెద్దలు ఈ మాట నడిపిస్తున్నరు. పోదామా, ఉందామా. రోడ్డు, దవాఖాన, కరెంటు ఒక దిక్కు. పెన్ ఉన్న జాగ, ఇప్పచెట్టు, తాతల బొందలు ఒక దిక్కు. మేము దీని మీద తీర్పు చెప్పం, పోయినోళ్ళదీ తప్పు కాదు, ఉన్నోళ్ళదీ తప్పు కాదు. ఒకటి మాత్రం అడగమని తమ్మునికి మామ చెప్పిండు. పోయిన ఊరోళ్ళ దగ్గరికి పండుగనాడు పోకు, ప్రారంభోత్సవంనాడు పోకు, మూడో ఎండాకాలంల పోయి అడుగు. పొయ్యిల ఏం కట్టె పెడుతున్నరు, పోరగాండ్లు ఏం పని చేస్తున్నరు, పైసలు తీసుకున్నోళ్ళ ఇంట్ల పైసలున్నయా అని. షెడ్డు గురించి పెద్దమ్మ చెప్పిందీ దగ్గర దగ్గర గదే కదా, అని తమ్ముడు మెల్లగ అన్నడు.

పొద్దున ఆరింటికి లేచి చెరువు దగ్గరికి పోయినం. దీని కోసమన్నా మీరు ఒకసారి చలికాలం రావాలె. నీళ్ళ మీద పొగ. గుట్టలు లేవు, అవతల గట్టు లేదు, ఏమీ లేదు. ముందు తెడ్డు చప్పుడు వినిపిస్తది, తర్వాత మనిషి గొంతు, ఆ తర్వాత ఎంతసేపటికో తెప్ప కనపడ్తది. వలలల్ల బొచ్చె, రవ్వ, ఒకాయనకు రెండు కొర్రమీన్లు. బేరగాండ్లు మోటరుసైకిళ్ళ మీద ఐసు డబ్బాలతోని నిలబడి ఉన్నరు. అరుపులు, కాంటా, లెక్కలు. అర్ధగంటల మొత్తం అయిపోయింది. తొమ్మిదింటికి పొగ లేచిపోయి ఎండ పడ్డది, జాలరోళ్ళందరూ పెద్దమ్మ బల్లల మీద. ముప్పై మంది అని ఆమె చెప్పింది అబద్ధం కాదు, మేము ఇరవై ఆరు దాకా లెక్క పెట్టినం.

తమ్ముడు షెడ్డు కొనలేదు. దుబాయికి పోయే ఆయనకు ఫోన్ చేసి, కొనను అన్నా, నాలుగు నెలలకు కిరాయికి ఇయ్యి అన్నడు. ఆయన ముందు ఒప్పుకోలేదు. కొనేటోడు ఇంకొకడు దొరకకపోతే చూద్దామన్నడు. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసిండు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కిరాయి మాట అయ్యింది. మిగతా ఎనిమిది నెలలు ఏం చెయ్యాలె అన్నది ఇంకా తేలలేదు. పెద్దమ్మ కొడుకు లేడు, పొద్దున ముప్పై మందికి ఒక్కతే వండుతది, చెయ్యి సాయం కావాలంటది. జీతం తక్కువ. తమ్ముడు బీఈడీ ఎంట్రెన్స్ కూడ రాస్త అంటున్నడు. లక్షా ఎనభై వేలు బ్యాంకులనే ఉన్నయి, అది మా అందరికి పెద్ద ఊరట.

మీలో ఎవరన్నా పోదామనుకుంటే శివరాత్రి లోపల పోండి. శివరాత్రి దాటితే పొద్దటి పొగ ఉండదు, మధ్యాహ్నం ఎండకు కట్ట మీద నిలబడలేరు. ఉన్ని చద్దరు పట్టుకపోండి. బోటు షికారు, గేట్ల మోత కావాలంటే మాత్రం ఇప్పుడు పోకండి, నిరాశపడ్తరు. ఆదివారం కాకుండ మామూలు వారం పోండి, తొమ్మిదింటి లోపల కట్ట దగ్గర ఉండండి, పులుసు అప్పుడే వేడిగ ఉంటది. సీసాలు తెస్తే మళ్ళ ఇంటికి తీసుకపోండి.

నిన్న పెద్దమ్మ తమ్మునికి ఫోన్ చేసిందట. వానకాలం షెడ్డుకు గాలి ఆపనీకి మూడు తడకలు, చేపలు వెయ్యనీకి రెండు పెద్ద గంపలు మీ గూడెంల అల్లించి తేరాదు, మీ కొలామోళ్ళ అల్లిక గట్టిగుంటది, అని అడిగింది. తమ్ముడు రేటు చెప్పిండు. చాన ఎక్కువ చెప్తున్నవ్ బిడ్డా, నేను సెల్ఫీదాన్ననుకున్నవా, అన్నదట. బేరం ఇంకా నడుస్తున్నది.